పిట్టగోడ లేని మేడ

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఇల్లు కట్టుకునేవాడికి ఒక ఆజ్ఞ ఉంది. పక్షిగూటిలోని పిల్లల గురించి, ద్రాక్షతోటలో విత్తే గింజల గురించి చెప్పిన మాటల మధ్య అది ఒదిగి ఉంటుంది. అందుకే చదువుకుంటూ పోయేవాడి చూపు దాని మీద నిలవదు. కొత్త ఇంటి కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టని మేడ మీదనుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ హత్యాదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. అక్కడ తోసినవాడు ఎవడూ లేడు. పగ లేదు, కత్తి లేదు. కట్టవలసిన గోడ కట్టలేదు, అంతే. దేవుడు దాన్ని కూడా రక్తం కిందే లెక్క రాశాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ ఒక్క వచనాన్ని ముందు పెట్టుకుని ప్రాణాన్ని కాపాడే ధర్మం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. చెప్పే నేనూ మీతోపాటు ఈ ఆజ్ఞ కిందే నిలబడి ఉన్నాను.

మన ఊళ్లలో స్లాబు పడిన రోజు పండుగే. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయిస్తాం. మేస్త్రీకి బట్టలు పెడతాం. ఆ తర్వాత చేతిలో డబ్బు అయిపోతుంది. పిట్టగోడ మాట వస్తే, పై అంతస్తు వేసేటప్పుడు చూద్దాంలే అంటాం. పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి నిలబడి ఏళ్ల తరబడి తుప్పు పడుతుంటాయి. ఆ మేడ మీదే మిరపకాయలు ఆరబోస్తాం, వడియాలు పెడతాం, వేసవి రాత్రుల్లో చాపలు పరుచుకుంటాం. సంక్రాంతికి పిల్లవాడు గాలిపటం దారం పట్టుకుని, తల పైకెత్తి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంటాడు. వాడి మడమకూ స్లాబు అంచుకూ మధ్య జానెడు దూరం ఉందో, బెత్తెడు ఉందో వాడికి తెలియదు. వాడి కళ్ల నిండా గాలిపటమే. ఆ దూరం తెలియవలసింది కింద వరండాలో కూర్చున్న తండ్రికి. క్రీస్తే ఈ ఇంటికి యజమాని అని గుమ్మం మీద పలక తగిలించుకున్నాం. ఆ యజమాని తన ఇంటికి పిట్టగోడ ఏదని అడుగుతున్నాడు.

నరహత్యను నిషేధించిన ఆజ్ఞను మన బాప్టిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు ఆరవదిగా లెక్కిస్తాయి. లూథరన్లు, కథోలికులు అయిదవదిగా లెక్కిస్తారు. అంకె ఏదైనా, పది ఆజ్ఞలూ చదివేటప్పుడు మనం ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. అబద్ధసాక్ష్యం దగ్గర తడబడతాం. పొరుగువాడి సొత్తును ఆశించే మాట దగ్గర తల దించుకుంటాం. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం నా చేతులు శుభ్రమే అనుకుని ముందుకు సాగుతాం. 1529లో మార్టిన్ లూథర్ ఇంటింటా పిల్లలకు నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఆ నిశ్చింతను మనకు మిగల్చదు. పొరుగువాడి ఒంటికి హాని చేయకపోవడం ఒక సగమనీ, అతని ఒంటి అవసరాలన్నిటిలో అతన్ని ఆదుకోవడం రెండో సగమనీ ఆయన నేర్పాడు. ఆ తర్వాతి శతాబ్దంలో వెస్ట్‌మిన్‌స్టర్‌లో కూడిన దైవజనులు తమ పెద్ద ప్రశ్నోత్తరిలో ఇదే ఆజ్ఞ కింద తిండి, మందు, నిద్ర, పని, విశ్రాంతి మితంగా వాడుకోవడాన్ని కూడా చేర్చారు. రాత్రంతా మేలుకుని లారీ నడిపేవాడూ, రక్తపోటు మందు మానేసి ఉప్పుచేప తినేవాడూ ఈ ఆజ్ఞకు అవతల ఉన్నవాళ్లేమీ కారు.

ఎందుకింత పట్టుదల? ప్రాణం మనకు పట్టా భూమి కాదు, కౌలు భూమి. నరుణ్ని దేవుడు తన స్వరూపంలో సృజించాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. జలప్రళయం తగ్గాక నోవహుతో మాట్లాడుతూ, నరుని రక్తానికి లెక్క అడగడానికి కారణంగా ఆ స్వరూపాన్నే దేవుడు మళ్లీ చూపించాడు. భూస్వామి ముద్ర ఉన్న చేనును కౌలుదారు తగలబెట్టకూడదు, బీడూ పెట్టకూడదు. పక్క చేను తగలబడుతుంటే గట్టు మీద కూర్చుని చూడనూ కూడదు, ఎందుకంటే ఆ చేను కూడా అదే ఆసామిది. ఎదుటివాడి కులం, మతం, చేసిన తప్పులు, మన మీద అతనికున్న పగ, ఇవేవీ ఆ ముద్రను చెరపలేవు.

నిర్గమకాండం 21వ అధ్యాయానికి రండి. పొడిచే ఎద్దు ఉన్నవాడికి ఇరుగుపొరుగు ముందే చెప్పారు. అయినా వాడు దాన్ని కట్టెయ్యలేదు. ఆ ఎద్దు మనిషిని చంపితే యజమాని కూడా దోషే. ఆ వెంటనే ఇంకో మాట ఉంది. గొయ్యి తవ్వి మూత వేయకుండా వదిలినవాడు, అందులో పక్కవాడి ఎద్దో గాడిదో పడితే నష్టం కట్టుకోవాలి. పశువు పడితేనే లెక్క అడిగిన దేవుడు, పసిబిడ్డ పడితే ఊరుకుంటాడా? నీళ్లు పడని బోరు గుంతను మన రైతు ఎలా వదిలేస్తాడో మీకు తెలుసు. కేసింగ్ పైపు పీకేసి తీసుకుపోతాడు, ఎందుకంటే దానికి డబ్బు వస్తుంది. మూతకు డబ్బు రాదు. గుంత మీద ఒక గోనెసంచి, దాని మీద రెండు రాళ్లు, అంతటితో ఆ గుంత అతని మనసులోంచి మాసిపోతుంది. పూడ్చని బోర్ల విషయంలో ఏం చేయాలో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2017 జూన్‌లో చేవెళ్ల మండలంలో రెండేళ్లయినా నిండని పాప అలాంటి గుంతలో పడింది. రోజుల తరబడి తవ్వినా ప్రాణాలతో తీయలేకపోయారు. అప్పుడు రాష్ట్రమంతా కన్నీళ్లు పెట్టింది. కన్నీళ్ల కంటే ముందు ఒక తట్ట మట్టి పడి ఉంటే చాలు కదా.

మూత లేని గొయ్యి పొలంలోనే ఉంటుందనుకోకండి. మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నేరం చేసింది. అయినా దించుతున్నాం. అలా దిగేవాళ్లలో మన సంఘాల బిడ్డలు ఎందరో ఉన్నారు. ఆదివారం మనతో ఒకే రొట్టె విరిచినవాడు సోమవారం మన అపార్టుమెంటు ట్యాంకులోకి తాడు కట్టుకుని దిగుతున్నాడు. లోపలి విషవాయువు ఒక్క ఊపిరితో మనిషిని కూలుస్తుంది. కాపాడబోయి దిగిన తమ్ముడూ అక్కడే పడిపోతాడు. మిషను లారీకి అయ్యే ఖర్చుకు వెనకాడి, చవకగా అయిపోతుందని మనిషిని పిలిచినవాడు మూత తీసిన గొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. మన చర్చి ప్రాంగణంలోని ట్యాంకు సంగతి కూడా ఈ వారమే అడిగి తెలుసుకోండి.

ఇక్కడ భక్తిపరుడొకడు లేచి, చావు బతుకులు దేవుని చేతిలో ఉన్నాయి కదా, మనం ఎంత గోడ కడితే ఏం లాభం అంటాడు. ఈ మాట వినడానికి విశ్వాసంలా ఉంటుంది. అయితే దీన్ని మొదట పలికింది ఎవరో గుర్తుచేసుకోండి. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారని కీర్తనల్లోని మాటే ఆధారంగా చూపించాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ని శోధించడం తగదని చెప్పి శిఖరం మీద స్థిరంగా నిలబడ్డాడు. హెల్మెట్టు ట్యాంకు మీద పెట్టుకుని ప్రభువే చూసుకుంటాడని బండి నడిపేవాడు ఏ బోధకుడి ప్రసంగం విన్నాడో ఆలోచించుకోవాలి.

ప్రార్థన చేశాం కాబట్టి మందులు ఆపమని చెప్పే నోళ్లు మన మధ్యే ఉన్నాయి. క్షయరోగికి ఆరు నెలలు మందు మింగాలని ప్రభుత్వ ఆసుపత్రిలో చెబుతారు. రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది. సాక్ష్యం చెప్పించడానికి తొందరపడి, మాత్రల డబ్బా పక్కన పెట్టిస్తారు. కొన్నాళ్లకు జబ్బు మొండిదై తిరిగి వస్తుంది, ఇంట్లో చంటిపిల్లకూ అంటుతుంది. హిజ్కియా రాజు గోడవైపు ముఖం తిప్పుకుని ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు మాట ఇచ్చాడు. ఆ మాట తెచ్చిన యెషయానే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని కూడా చెప్పాడు. వాగ్దానమూ పూతమందూ ఒకే ప్రవక్త నోటినుంచి వచ్చాయి. వాటిని విడదీసే అధికారం మనకెవరిచ్చారు?

ఆరాధన ముందా, ప్రాణం ముందా అనే ప్రశ్నకూ ప్రభువు జవాబిచ్చాడు. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి లాగనివాడు మీలో ఎవడైనా ఉన్నాడా అని అడిగి, ఊచచెయ్యి గలవాణ్ని బాగుచేశాడు. త్రోయలో పౌలు రాత్రి పొద్దుపోయేదాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చుని నిద్రపోయిన ఐతుకు మూడో అంతస్తునుంచి పడిపోయాడు. పౌలు ప్రసంగం ఆపి, మెట్లు దిగి వెళ్లి అతన్ని కౌగిలించుకున్నాడు. రొట్టె విరిచింది ఆ తర్వాతే.

గర్భంలోని శిశువు మాటకు వద్దాం. ఐగుప్తులో మగపిల్లలను చంపమని రాజాజ్ఞ వెలువడినప్పుడు ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి ఆ మాట జవదాటారు. నిర్గమకాండం ఆ ఫరో పేరు రాయలేదు. షిఫ్రా, పూయా అని ఆ ఇద్దరు స్త్రీల పేర్లూ రాసిపెట్టింది. మన కాలంలో ఆజ్ఞ తిరగబడింది, ఆడపిల్ల వద్దంటున్నారు. స్కానింగు గదిలో ఆడా మగా చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది. చట్టానికి చిక్కకుండా సైగతో చెప్పేవాళ్లున్నారు, డబ్బిచ్చి వినేవాళ్లున్నారు. విన్నవాళ్లలో బల్ల దగ్గర మోకరించేవాళ్లు లేరని నేను చెప్పలేను. బిడ్డను చంపకండి అని తల్లికి చెప్పడం తేలిక. ఆమె చెంప మీద అత్తవారి దెబ్బ పడకుండా అడ్డు నిలవడం, రక్తం తక్కువై నీరసపడినప్పుడు ఆమెకు తిండి పెట్టడం, పుట్టిన పిల్లకు బడి ఫీజు కట్టడం, ఇవి కూడా చేస్తేనే మన మాటకు విలువ.

బతకాలని లేనివాడి దగ్గర మనం ఎలా నడుచుకోవాలి? ఏలీయా బదరీచెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతన్ని మందలించలేదు, అవిశ్వాసివని అనలేదు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. ఇక్కడ నీకేం పని అని దేవుడు అడిగింది ఆ తర్వాత ఎన్నో రోజులకు. మొదట తిండి, నిద్ర, పక్కన ఒక తోడు. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి భూకంపానికి తలుపులు తెరుచుకుంటే, ఖైదీలు పారిపోయారనుకుని అధికారి కత్తి దూశాడు. పౌలు కాళ్లకు బొండ బిగించింది ఆ అధికారే. అయినా పౌలు గట్టిగా కేక వేసి ఆపాడు, మేమంతా ఇక్కడే ఉన్నామని చెప్పాడు. అప్పులవాళ్లు వాకిట కూర్చున్న కౌలురైతుకూ, ఇంటర్ ఫలితాల రోజు గది తలుపు వేసుకున్న పిల్లకూ మన నోటినుంచి వినిపించవలసింది ఆ మాటే. మేమంతా ఇక్కడే ఉన్నాం. పురుగుల మందును, గడ్డిమందును ఇంట్లో చేతికందేచోట ఉంచకండి. తాళం వేసి, తాళంచెవి వేరొకరి దగ్గర పెట్టండి. అది ఆ ఇంటి పిట్టగోడ. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరును చర్చి నోటీసు బోర్డు మీద రాయించండి. ఇప్పటికే బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి మాత్రం తీర్పు మోసుకుని వెళ్లకండి. తీర్పు దేవునిది, మనం మోయవలసింది పాడె.

కాపాడే తీరులో కూడా ఒక మర్యాద ఉంది. యిర్మీయాను బురదగోతిలో దించి వదిలేసినప్పుడు, కూషు దేశస్థుడైన ఎబెద్మెలెకు రాజును అడిగి, ముప్పైమందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. వెళ్లేముందు ఖజానా కింది గదిలోకి పోయి పాతగుడ్డలు, చిరిగిన బట్టలు ఏరుకున్నాడు. వాటిని తాళ్లతో గోతిలోకి దించి, చంకల కింద పెట్టుకో, తాడు ఒరుసుకుంటుంది అని చెప్పాడు. మనిషిని బయటికి లాగడం ఒక పని. లాగేటప్పుడు చర్మం చీరకుండా చూడడం ప్రేమ. సాయం చేస్తూ ఫోటో తీయించుకునేవాళ్లు ఆ పాతగుడ్డల దగ్గర ఒక క్షణం ఆగాలి.

ఆ మర్యాద మన నేల మీద కూడా నడిచింది. 1876లో మొదలైన ధాత కరువులో ఒంగోలు ప్రాంతం ఎముకల గూడైంది. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, తెలుగు బోధకులను మేస్త్రీలుగా నిలిపి, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం కోరి వచ్చినవాళ్లు అప్పటికే గుంపులుగా ఉన్నారు. కరువు నడిచినన్నాళ్లూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం ఎర కాకూడదన్నది ఆయన పట్టు. సాయం ముగిసింది, ఇక పంచడానికి డబ్బు లేదని తేల్చి చెప్పాకే గుండ్లకమ్మ ఒడ్డున తలుపు తెరిచాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఆ నీళ్లలోకి దిగారు. ప్రాణం కాపాడినందుకు వెల అడగకూడదు, ఆత్మను కూడా వెలగా అడగకూడదు.

గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ను మిషను పంపింది స్త్రీలకు బోధించడానికి. గడప దగ్గరికి వచ్చిన రోగులు ఆమెను మళ్లీ వైద్యురాలిని చేశారు. 1898కి అక్కడ ఆసుపత్రి లేచింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు, దానికి చేయూతనిచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆశ్చర్యపోకండి. యెరికో దారిలో యాజకుడూ లేవీయుడూ పక్కనుంచి దాటిపోయాక, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టినవాడు కూడా మనవాడని ఎవరూ అనని సమరయుడే.

ఆ దారి ఇప్పుడు మన హైవే. ధర్మశాస్త్రంలో ఇంకో విధి ఉంది. పొలంలో చంపబడిన మనిషి శవం దొరికి, చంపినవాడెవరో తెలియకపోతే, పెద్దలు వచ్చి శవంనుంచి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. దగ్గరి ఊరు దేవుని ముందు నిలబడి జవాబు చెప్పాలి. బైకు పడి కొట్టుకుంటున్న మనిషి చుట్టూ సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నవాళ్లకు ఇక కొలత అక్కరలేదు. పోలీసు కేసు భయం అంటారా? 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి, మంచి మనసుతో ఆదుకున్నవాడికి రక్షణ కల్పించారు. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2005 ఆగస్టు 15నుంచి మనకు 108 ఉంది. సమరయుడికి ఉన్నది గాడిద ఒక్కటే. అయినా అతను ఆగాడు.

గోడ ముందే కడితే ఏమవుతుందో సముద్రం మనకు నేర్పింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడినప్పుడు పదివేలమందికి పైగా కొట్టుకుపోయారు. ఆ దుఃఖంనుంచి తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరిక వ్యవస్థలు బలపడ్డాయి. 1990 మేలో దాదాపు అంతే భీకరమైన తుపాను అదే కృష్ణా తీరాన్ని తాకినప్పుడు, లక్షమందికి పైగా ప్రజలను ముందే తరలించారు. మరణాలు వెయ్యి దాటలేదు. ఆ వెయ్యీ తక్కువేమీ కాదు, ఒక్కొక్కరూ దేవుని స్వరూపమే. అయితే బతికిన వేలమంది తాము బతికామని కూడా గుర్తించకుండా మర్నాడు వలలు బాగుచేసుకున్నారు. పిట్టగోడకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు. దాని సాక్ష్యం అదే, ఏమీ జరగకపోవడం.

చివరి తీర్పు దినాన ఎడమవైపు నిలబడినవాళ్లను, వాళ్లు చేసిన హింస గురించి ప్రభువు అడగడు. ఆకలిగొన్నవాడికి పెట్టని అన్నం, రోగి దగ్గరికి వేయని అడుగు, వీటి గురించి అడుగుతాడు. తమ్ముడికి నేనేమైనా కాపలానా అని మొదట అడిగినవాడు కయీను. ఆ ప్రశ్నకు దేవుడు జవాబివ్వలేదు, రక్తం మొరపెడుతున్న నేలను చూపించాడు. జవాబు మనం మన బతుకులతో చెప్పవలసి ఉంది.

కాబట్టి ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్లాక, భోజనానికి కూర్చునే ముందు మేడ మెట్లెక్కండి. అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. మీ ఇంట్లో అందరికంటే చిన్న పిల్ల తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తునుంచి చూడండి. అక్కడినుంచి కింద వీధి కనిపిస్తుంటే, సోమవారం ఉదయం మేస్త్రీకి కబురు పెట్టండి.